నీలి చారల పాముకు రెండు చీటీలు

ముప్పై ఏళ్ళు చచ్చిన పాముల మధ్య ఉద్యోగం చేశానంటే ఇక్కడ జర్మనీలో మన పిల్లలు నవ్వుతారు. మొన్నొక కుర్రాడైతే, "బతికున్న మేనేజర్ల కంటే నయం కదా ఆంటీ" అన్నాడు. వాడి బాధ వాడిది. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నవ్వుకునే సంగతి కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏం సాధించారని ఎవరైనా అడిగితే నేను చెప్పని సంగతి ఇది. ఉద్యోగం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. పేర్లు రాయను. పాముకు కూడా ఒక ముద్దు పేరుంది, అదీ రాయను.

నేను పనిచేసింది హాంబర్గ్ నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న ఒక పాత జంతు సంగ్రహాలయంలో. పెళ్ళయి వచ్చిన కొత్తలో నా ఎమ్మెస్సీ జువాలజీ ఇక్కడ ఎవరికీ పట్టలేదు. సీసాలు కడిగే పనిలో చేర్చుకున్నారు. సీసాలు కడుగుతూనే లోపలున్నవాటి పేర్లు నేర్చుకున్నాను. చివరి పదిహేనేళ్ళూ పాముల గది తాళాలు నా దగ్గరే ఉండేవి. బయటివాళ్ళెవరైనా పామును తెచ్చి ఇదేమిటని అడిగితే చూసి చెప్పడం కూడా నా పనే.

మా విభాగానికి పెద్ద ఒక జర్మన్ ఆయన. ఎత్తుగా, బక్కగా ఉంటాడు. మాటకు సుంకం కట్టాలన్నట్టు మాట్లాడతాడు. మొదటి రోజే నాకు ఒకటి నేర్పాడు. ముందు పాము పేరు గురించి ఆలోచించొద్దు, దాని ఊరేదో అడగమన్నాడు. మాకొక ఫారం ఉండేది. అందులో మొదటి గడి: ఎక్కడి నుంచి వచ్చింది, ఆ సంగతి ఎవరు చెప్పారు. ఆ గడి నిండకుండా పెట్టె మూత తీయకూడదు. ఆ తర్వాత తల, వీపు, పొట్ట, తోక వరసగా చూడాలి. అన్నీ అయ్యాకే పేరు. ఇదే పాఠం నేను మా దగ్గరికి వచ్చిన విద్యార్థులందరికీ నోరు నొప్పెట్టేలా చెప్పాను.

అక్కడ ఇంకో పద్ధతుంది. సీసాలోని ప్రతి పాముకూ దారంతో ఒక చీటీ కడతారు. ఇది ఫలానా పాము, పేరు తేల్చింది ఫలానా వారు అని అందులో ఉంటుంది. ఆ పేరు తప్పని తర్వాత తేలితే పాత చీటీని తీసెయ్యరు. దాని వెనకే కొత్త చీటీ కడతారు. ఎప్పుడో కాలం చేసిన ప్రొఫెసర్ల తప్పులు వాళ్ళ సంతకాలతో సహా ఇప్పటికీ ఆల్కహాల్‌లో నానుతున్నాయి. కొత్తలో నాకది మరీ కాఠిన్యమనిపించేది. చచ్చినవాళ్ళ పరువు తీయడమెందుకని ఒకసారి మా పెద్దాయనను అడిగాను కూడా. "తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలిగా" అన్నాడు.

అది ఉద్యోగంలో నా ఆఖరి శీతాకాలం. దీపావళికి హాంబర్గ్‌లో మనవాళ్ళు ఒక చర్చి హాలు అద్దెకు తీసుకున్నారు. బయట గాలికి వాన అడ్డంగా కొడుతోంది, గొడుగులన్నీ గుమ్మం దగ్గర విరిగి పడున్నాయి. లోపల పులిహోర, మిర్చి బజ్జీలు, పిల్లల గోల. వరంగల్ వైపు అమ్మాయి ఒకావిడ నా కోసం వెతుక్కుంటూ వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఐటీలోనే. బతుకమ్మలప్పుడు ఒకటి రెండు సార్లు చూసిన మొహమే. పక్కన తొమ్మిదేళ్ళ కూతురు, ఆకుపచ్చ పట్టు లంగాలో.

"ఆంటీ, మీరు పాముల ఆఫీసుల పనిచేస్తరట కద. జర గీ ఫోటో చూస్తరా?" అని ఫోన్ ఇచ్చింది.

"ఎవరిదమ్మా ఇది?"

"మా పక్కింటి పెద్దాయనది ఆంటీ. మేం డ్యూటీల నుంచి వచ్చేదాంక మా పాపను ఆయననే చూసుకునేటోడు, కిటాకు, గదే చిన్నపిల్లల బడికి, పోయేటప్పటిసంది. సొంత తాత లెక్కనే. ఎండకాలంల స్ట్రోకొచ్చింది. మాట వోయింది. ఇప్పుడు హైమ్‌ల, గదే ముసలోళ్ల ఆశ్రమంల, ఉంటుండు. నీ పామును నేను మంచిగ చూసుకుంట అని మా పాప ఆయనకు మాటిచ్చింది. ఇంటికి తెచ్చి నెలన్నరైంది, ముద్ద ముడతలేదు. చలికాలం ఫ్రిజ్‌ల పెట్టాలె అని కొందరంటున్నరు, కొన్నిటికి పెట్టొద్దు, సచ్చిపోతయ్ అని కొందరంటున్నరు. మాది ఏ రకమో తెల్వక పరేషాన్ అయితుంది."

ఫ్రిజ్ అంటే కంగారు పడకండి. చలి దేశపు పాములు శీతాకాలమంతా నిద్రపోవాలి. ఇళ్ళేమో హీటర్లతో వెచ్చగా ఉంటాయి. అందుకని పాములు పెంచేవాళ్ళు దాన్ని ఒక పెట్టెలో పెట్టి, విడిగా ఉంచిన చిన్న ఫ్రిజ్‌లో ఐదారు డిగ్రీల దగ్గర రెండు మూడు నెలలు పడుకోబెడతారు. వినడానికి ఘోరమే గాని ఆ పాములకు అదే ఆరోగ్యం. వెచ్చటి చోటు పామునలా పెడితే మళ్ళీ లేవదు.

ఫోటోలో ఉన్నది గార్టర్ పాము. అమెరికాది, మన కాలవల్లో తిరిగే నీళ్ళపాముకు దూరపు చుట్టం. మనిషికి హాని చెయ్యదు. దీంట్లో ఉపజాతులు బోలెడు. ఒంటి పక్కన నీలి చారలున్నవి ముఖ్యంగా రెండు. ఒకటి కెనడా సరిహద్దు పక్కన చలిగాలుల తీరానిది. రెండోది ఫ్లోరిడా చిత్తడి నేలలది. ఫోటోలో చూస్తే రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఒకదానికి ఫ్రిజ్ కావాలి, ఇంకోదానికి ఫ్రిజ్ పాడె.

ఇదంతా నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అప్పటికి మా చుట్టూ పదిమంది చేరారు. ఇల్మెనౌలో మాస్టర్స్ ముగించి ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన అబ్బాయి, "ఫోటో చూసి చెప్పేస్తారా ఆంటీ? గూగులే తడబడుతోంది" అన్నాడు.

"గూగుల్‌కి నేర్పింది మేమే నాయనా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది. ఎందుకు దాచాలి, ఈ దేశంలో ముప్పై ఏళ్ళు నా చదువు గురించి నలుగురిలో ఎవరూ అడిగింది లేదు. మనవాళ్ళలో పెద్దదాన్ని, అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. నాకు తెలీదు, పామును పట్టుకురండి, ఫారం నింపుదాం అనడానికి నోరు రాలేదు. మనవాళ్ళకు ఫారాలేమిటి, అసహ్యంగా!

ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటో అది. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాను. వీపు నల్లగా కనిపించింది, పక్కన నీలి చార. "చలి ప్రాంతపుది. నిక్షేపంగా ఫ్రిజ్‌లో పెట్టండి. తిండి మానింది కూడా అందుకే, దానికి నిద్రొస్తోంది" అన్నాను.

"ఫ్లోరిడా" అంది ఆ పిల్ల.

అందరం అటు తిరిగాం. తల్లి చున్నీ పట్టుకుని, జర్మన్‌లో గబగబా చెప్పింది: ఇది ఫ్లోరిడాదని ఓపా చెప్పాడు. ఓపా అంటే తాత, ఆ పెద్దాయనను అలాగే పిలుస్తుంది.

"పెద్దోళ్లు మాట్లాడుతుంటే నడుమ రావొద్దని ఎన్నిసార్లు చెప్పిన?" అంది తల్లి. "ఆంటీకి తెల్వదా?"

నేను నవ్వి ఆ పిల్ల బుగ్గ నిమిరాను. విన్నాను, స్పష్టంగా విన్నాను. ఫారంలో మొదటి గడికి కావలసిన జవాబు, ఎవరు చెప్పారన్నదానితో సహా, నా ఎదురుగా పట్టు లంగా కట్టుకుని నిలబడి చెప్పింది. నేను బుగ్గ నిమిరి బజ్జీల వైపు వెళ్ళాను.

ఆ తండ్రి పద్ధతైన మనిషి. పాత చిన్న ఫ్రిజ్ ఒకటి సంపాదించి, థర్మామీటర్ పెట్టి, నేను చెప్పినట్టే రోజుకింతని చల్లదనం పెంచి, నవంబర్ చివరి వారంలో పామును అందులో పెట్టాడు. ప్రతి ఆదివారం థర్మామీటర్ ఫోటో నాకు వాట్సాప్ చేసేవాడు. ఐదు డిగ్రీలు. నేను బొటనవేలు బొమ్మ పంపేదాన్ని. ఆ బొమ్మలు ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాయి, చెరపలేదు.

డిసెంబర్ మధ్యలో తల్లి ఫోన్ చేసింది. ఆదివారాలు వాళ్ళు హైమ్‌కి వెళ్ళి పెద్దాయనను చూసి వస్తుంటారు. "ఆంటీ, పాము ఫ్రిజ్‌ల పండుకున్నదని పాప చెప్పిందట. ఆయన మస్తు గాబరా అయిండు. చెయ్యి కొట్టుకుంట, ఏందేందో అన్నడు. పాపేమో ఇంటికొచ్చినకాంచి ఒకటే ఏడుపు, పామును బయటికి తీయమని. ఏం జెయ్యమంటరు?"

అప్పుడైనా ఆగాల్సింది. పాము ఫ్రిజ్‌లో పెట్టి మూడు వారాలే. తీసి మెల్లగా వెచ్చబెడితే బతికేదేమో. బతికేదని నాకు తెలిసిన పశువైద్యుడు ఆ తర్వాత అనలేదు, బతికేది కాదనీ అనలేదు. నేనేమన్నానో తెలుసా? "స్ట్రోక్ వచ్చినవాళ్ళు అలాగే చేస్తారమ్మా, పట్టించుకోకు. మాటిమాటికీ తలుపు తీస్తే పాముకే ప్రమాదం." మాట పోయిన మనిషి ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని చెప్పిన ఒక్క సంగతిని నేను రోగలక్షణం చేసేశాను. కుక్కర్ మూడో కూత వేస్తోంది. ఫోన్ పెట్టేసి స్టవ్ ఆపాను.

జనవరిలో ఒక మంగళవారం పొద్దున తండ్రి నుంచి మెసేజ్. ఆదివారం కాదే అనుకుంటూ తెరిచాను. "ఆంటీ, కదలడం లేదు. ఒకసారి చూడగలరా?" దాని కింద ఫోటో. ఈసారి కిటికీ దగ్గర, పగటి వెలుగులో తీశాడు. వీపు నలుపు కాదు, ముదురు గోధుమ రంగు. ఫ్లోరిడా పాము రంగు.

గురువారానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చి రమ్మన్నాను, ఫారంతో, పద్ధతి ప్రకారం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. తండ్రికి ఆఫీసులో కుదరలేదు, తల్లీ కూతురూ వచ్చారు. పిల్ల బడి మానేసి వచ్చింది. చెప్పుల డబ్బాలో, పాత టవల్‌లో చుట్టి ఉంది పాము. ఆ డబ్బా ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకొచ్చిందట, రైల్లో ఒళ్ళో పెట్టుకుని.

"ఆంటీ, మా ఆయన ఏమన్న తప్పు చేసిండా? డిగ్రీలు తక్కువైనయా?" అని తల్లి గుమ్మంలోనే అడిగింది. నన్ను అనుమానించడం ఆమెకు తోచను కూడా లేదు.

మా విభాగం పెద్దాయన టేబుల్ చివర కూర్చుని ఫారం నా ముందుకు తోశాడు. నేను పామును తిప్పి వెల్లకిలా పెట్టాను. చలి ప్రాంతపుదానికి పొట్ట మసిపట్టినట్టు ఉంటుంది. ఇది తెల్లగా, లేతగా ఉంది. తిప్పడానికి ఎంతసేపు పట్టింది? ఒక్క క్షణం. ఆ రోజు హాల్లో "పొట్ట ఫోటో పంపమ్మా" అని ఒక్క మాట అడిగుంటే చాలు.

అప్పుడు పిల్లను నా పక్కన కూర్చోబెట్టుకుని మొదటి గడి దగ్గర పెన్ను పెట్టాను. "ఎక్కడిది?" అని జర్మన్‌లో అడిగాను. ఆ పిల్ల జవాబు కోసం తడుముకోలేదు. ఓపా దీన్ని వేలెడంత ఉన్నప్పుడు సరీసృపాల సంతలో కొన్నాడు. అమ్మినాయన దీని తల్లిది ఫ్లోరిడా అన్నాడు. ఓపా ఎప్పుడూ దీన్ని చల్లగా పడుకోబెట్టలేదు, శీతాకాలమంతా దీపం వేసి ఉంచేవాడు. చోటు మారిస్తే అలిగి నెలలు తినదు, ఓపా పడక గది నుంచి హాల్లోకి మార్చినప్పుడు కూడా అలాగే చేసింది. ఇవన్నీ తొమ్మిదేళ్ళ పిల్ల వరసగా చెప్పింది. నేను రాస్తున్నాను. పక్కన తల్లి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఇదంతా నాకెందుకు చెప్పలేదే?" అంది మెల్లగా.

పిల్ల జవాబివ్వలేదు. చెప్పింది కాబట్టి.

"అమ్మా, తప్పు మీ ఆయనది కాదు, నీదీ కాదు. నేను పేరు తప్పు చెప్పాను" అన్నాను. "మీ పాప చెప్పిందే నిజం."

తల్లి నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మీరు పెద్దోళ్లు ఆంటీ, మీకు తెల్వకుంటదా అనుకున్న" అని మాత్రం అంది. నలుగురిలో చెప్పుతో కొట్టినా అంత తగిలేది కాదు.

పామును ఏం చేద్దామని మా విభాగం పెద్దాయన పిల్లనే అడిగాడు. ఇక్కడ ఉంచితే ఓపా చూడొచ్చా అని అడిగింది. చూడొచ్చన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇంతకు ముందు దీని పేరు ఎవరు తేల్చారు?"

"నేను."

"చీటీ ఏది?"

"లేదు. నోటి మాట."

"అయితే ఇప్పుడు రాయండి" అన్నాడు. గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. కొత్త చీటీ, పెన్ను నా ముందు పెట్టి, పిల్లకు వేడి చాక్లెట్ తేవడానికి వెళ్ళాడు.

చీటీ మీద తప్పు పేరు రాశాను. తారీఖు దగ్గర దీపావళి రోజు వేశాను. కింద నా పూర్తి పేరు. దాన్ని దారంతో కట్టి, దాని వెనక రెండోది కట్టాను: సరైన పేరు, ఫ్లోరిడా, సమాచారం ఇచ్చినవారు అన్నచోట ఆ పిల్ల పేరు. ముప్పై ఏళ్ళలో వందల చీటీలు కట్టాను. ఆ రోజు ముడి పడడానికి మూడు సార్లు పట్టింది. పిల్ల ఊపిరి బిగబట్టి చూసి, రెండు చీటీలూ చదివి, మూత తనే బిగించింది.

పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. వెళ్ళేటప్పుడు తల్లి చెప్పింది. హైమ్‌లో ఉన్న పెద్దాయనకు ఇంకా తెలియదట. పిల్ల మంగళవారం నుంచి అన్నం సరిగ్గా తినడం లేదట. "పాము సచ్చిపోయినందుకే కాదు ఆంటీ. తను చెప్పింది నేను మర్చిపోయిన అని ఓపా అనుకుంటడు, అని ఏడుస్తుంది. ఆయన అడగలేడు, మనమేమో ఎట్ల చెప్పాలె?"

"ఆదివారం నేనూ వస్తాను" అన్నాను.

హైమ్‌లో ఆయన గది మూడో అంతస్తు. చక్రాల కుర్చీలో కిటికీ పక్కన ఉన్నాడు. పెద్ద ఒళ్ళు, పడవల్లో పనిచేసిన చేతులు. కుడి చెయ్యి ఒళ్ళో చచ్చుపడి ఉంది. పిల్లను చూడగానే మొహంలో ఒక సగం నవ్వింది. పిల్ల దగ్గరికి వెళ్ళి, మేమెవరమైనా అడ్డుపడే లోపే జర్మన్‌లో చెప్పేసింది: "అది చచ్చిపోయింది ఓపా. ఫ్రిజ్‌లో."

ఆ సగం నవ్వు పోయింది. నోరు కదిపాడు. ఎంతసేపో కదిపాడు, ఎడమ చేతి వేళ్ళు కుర్చీని పట్టుకుని బిగుసుకున్నాయి. చివరికి బయటికొచ్చింది ఆ ఊరి పేరే. ముక్కలు ముక్కలుగా, అయినా అదే. ఫ్లోరిడా.

"నేను చెప్పాను!" అని అరిచింది పిల్ల. "నేను చెప్పాను ఓపా, నేను మర్చిపోలేదు, చెప్పాను!" వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తోంది. గట్టిగా అరవకూడని చోటని తల్లి చెయ్యి అలవాటుగా పిల్ల భుజం మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది.

ఆయన పిల్లనే చూస్తున్నాడు. నమ్మాడో లేదో ఆ మొహంలో తెలియడం లేదు. నేను ముందుకెళ్ళి ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను, నిలబడి చెప్పే మాట కాదని. నా జర్మన్ ఎప్పుడూ గొప్పది కాదు, ఆ రోజు ఇంకా పాడుగా వచ్చింది. "ఈ పిల్ల చెప్పింది. అందరి ముందూ చెప్పింది. నేను విన్నాను. విని కూడా వినిపించుకోలేదు. పామును ఫ్రిజ్‌లో పెట్టమన్నది నేను. డిసెంబర్లో మీరు వద్దన్నా తీయనివ్వనిదీ నేనే."

ఆయన నా వంక చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి మెల్లగా లేపి పిల్ల తల మీద పెట్టాడు. పిల్ల ఆయన ఒళ్ళో మొహం దాచుకుంది. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. మేము వచ్చేసేవరకూ మళ్ళీ నా వైపు తిరగలేదు. క్షమించమని అడుగుదామని దారంతా మాటలు కూడబెట్టుకుని వెళ్ళాను. అడగలేదు. మాట రాని మనిషిని జవాబు అడగడం ఇంకో తప్పనిపించింది.

ఆ సీసాను ఆయన చూడనేలేదు. వసంతం రాకముందే పోయాడు. ఆయన పోయిన నెలాఖరునే నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో మా విభాగం పెద్దాయన నా గురించి రెండు మంచి వాక్యాలు చెప్పాడు, ఆయనకది మహా ఉపన్యాసం. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను పాముల గది తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను.

కాని నన్ను ఇప్పటికీ వదలనిది హైమ్ నుంచి తిరిగొచ్చిన బస్సు. వాన. తల్లి ముందు సీట్లో కూర్చుంది. పిల్ల నా పక్కన, కిటికీ వైపు. ఆ పిల్ల ఎవరేం అడిగినా జర్మన్‌లోనే జవాబిస్తుంది, తెలుగు రాదేమో అనుకునేదాన్ని. స్టేషన్‌కి ఇంకా రెండు స్టాపులున్నాయనగా నా వైపు తిరిగి, అచ్చం వాళ్ళమ్మ యాసలో అడిగింది.

"మీరు విన్నరు కద అమ్మమ్మా. మరి అప్పుడే నన్నెందుకు అడగలే?"

జర్మన్‌లో అడిగుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్నేమో. తెలుగులో అడిగింది. నేను చెప్పేవరకూ చూద్దామన్నట్టు నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. బస్సు ఆగింది, స్టేషన్ వచ్చిందని తల్లి లేచింది, అందరం దిగాం. నేను జవాబు చెప్పలేదు.